బిట్టు తిరుగుతోందా? గని యంత్రాల కోత బిట్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కంటిన్యూయస్ మైనర్, షియరర్, రోడ్‌హెడర్... ఇవన్నీ బిట్లు బిగించిన డ్రమ్మునో తలనో తిప్పుతూ గనిలో బొగ్గునూ రాయినీ కోసే యంత్రాలు. యంత్రం ఎన్ని టన్నులున్నా రాయిని తాకేది మాత్రం బిట్టు కొసనున్న చిన్న కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) మొనే. కొందరు దీన్ని పిక్ అంటారు. ఈ శీర్షికలో బిట్టు అనే రాశాం. మాకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం శంకువు ఆకారపు బిట్ల గురించే కాబట్టి జవాబులూ వాటికే వర్తిస్తాయి.

ప్రశ్న: ఫిట్టర్‌గా చేరి ఆరు నెలలైంది. మొన పూర్తిగా పోయాక మారిస్తే చాలని ఒక సీనియర్ అంటారు, సగం అరిగితేనే మార్చెయ్యమని ఇంకొకరు అంటారు. ఎవరి మాట వినాలండీ?

మొన పోయేదాకా ఆగొద్దు. అప్పటికే నష్టం మొదలై ఉంటుంది. సగమా, ముప్పావా అన్నది తయారీదారు ఇచ్చిన అరుగుదల హద్దును బట్టి ఉంటుంది. ఆ హద్దు వెనకున్న సూత్రం మాత్రం ఒక్కటే: కార్బైడ్ కింద ఉన్న ఉక్కు రాయికి తగలకముందే బిట్టు దిగిపోవాలి. కార్బైడ్ రాయిని పగలగొడుతుంది. ఉక్కు పగలగొట్టలేదు, రాసుకుంటుంది. రాసుకునే చోట మొన చదునైపోతుంది, ఆ చదును పెరిగేకొద్దీ వేడీ ధూళీ మోటారు తీసుకునే కరెంటూ కలిసి పెరుగుతాయి.

కంటి అంచనా మీద ఆధారపడకుండా ఒక గేజి చేసుకోండి. పలచని ఉక్కు రేకు మీద కొత్త బిట్టు ఆకారాన్ని గీసి కత్తిరించి, తయారీదారు చెప్పిన హద్దు దగ్గర ఒక గాటు పెట్టండి. బిట్టు భుజానికి రేకును ఆనించినప్పుడు మొన ఆ గాటు కిందికి పడితే మార్చాల్సిందే. ఇద్దరు సీనియర్ల వాదన ఈ రేకుతో తెగిపోతుంది.

పొడవుతో సంబంధం లేకుండా వెంటనే తీసెయ్యాల్సినవీ ఉన్నాయి. మొన ఊడినది, విరిగినది, ఒకే పక్క అరిగి ఉలిలా తయారైనది, చేత్తో తిప్పితే తిరగనిది, కాడ (డ్రమ్ము మీది గూటిలోకి దూరే భాగం) వంగినది, మొనకూ ఉక్కుకూ మధ్య అతుకులో పగులు కనిపించేది. వీటిలో ఒక్క లక్షణం ఉన్నా ఇంకో షిఫ్టు నడపొద్దు.

ప్రశ్న: మా యంత్రంలో కొన్ని బిట్లు చుట్టూ సమానంగా అరుగుతాయి, కొన్ని ఒక పక్కే అరిగిపోతాయి. ఒకే పెట్టెలోంచి తీసిన బిట్లే. ఎందుకిలా?

ఒక పక్క అరిగినవి తిరగడం లేదు. శంకువు బిట్టు సంగతంతా ఈ తిరగడంలోనే ఉంది. కోస్తున్నప్పుడు అది తన హోల్డర్‌లో (డ్రమ్ముకు వెల్డ్ చేసిన గూటిలో) కొద్దికొద్దిగా తిరుగుతూ ప్రతిసారీ కొత్త పక్కను రాయికి అందిస్తుంది. అందుకే అరిగినా మొన మొనగానే ఉంటుంది. తిరగడం ఆగిందంటే ఒకే పక్క అరిగి చదునవుతుంది. చదునైన బిట్టు ఇంకా గట్టిగా ఇరుక్కుంటుంది కనుక ఆ తర్వాత దానంతట అది మళ్లీ తిరిగే ఆశ లేదు.

కారణాలను ఈ వరసలో వెతకండి. మొదటిది, హోల్డర్ రంధ్రంలో బొగ్గు పొడీ బురదా గట్టిపడి ఉండటం. ఎక్కువసార్లు ఇదే. బిట్టు తీసి రంధ్రాన్ని నీళ్లతో కడిగి, బ్రష్‌తో రుద్ది, కొత్త బిట్టు పెట్టి వేలితో తిప్పండి. సులువుగా తిరగాలి. రెండోది, రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారానికి రావడం. బిట్టును పట్టుకుని ఊపితే వదులు ఎక్కువగా తెలుస్తుంది. స్లీవ్ (రంధ్రంలో మార్చుకోదగ్గ గొట్టం) ఉన్న హోల్డరైతే స్లీవ్ మార్చాలి, లేకపోతే హోల్డరే మార్చాలి. మూడోది, బిట్టును పట్టి ఉంచే రింగు లేదా క్లిప్పు తప్పు సైజుది కావడం. నాలుగోది, హోల్డర్ కోణం చెడటం. హోల్డర్‌ను నేరుగా కాకుండా కొన్ని డిగ్రీలు పక్కకు ఒరిగేలా వెల్డ్ చేస్తారు, ఆ ఒరుగే బిట్టును తిప్పుతుంది. మరమ్మతులో ఎవరైనా దాన్ని నిటారుగా అతికిస్తే ఎంత కొత్త బిట్టు పెట్టినా తిరగదు. ఒకే హోల్డర్‌లో వరసగా మూడు బిట్లు ఒక పక్కే అరిగాయంటే తప్పు బిట్లది కాదు, హోల్డర్‌ది.

కాడకు గ్రీజు రాస్తే తిరుగుతుందని చాలామంది నమ్మకం. యంత్రం మాన్యువల్ ప్రత్యేకంగా చెబితే తప్ప రాయకండి. గ్రీజు సన్నటి రాతిపొడిని పట్టుకుని సానపట్టే ముద్దలా తయారవుతుంది, కాడనూ రంధ్రాన్నీ అదే తినేస్తుంది. ఇక్కడ పనిచేసేది గ్రీజు కాదు, శుభ్రంగా ఉన్న రంధ్రమూ నీళ్లూ.

ప్రశ్న: తనిఖీ చేసేటప్పుడు డ్రమ్ము మీద చెయ్యి వేసే ముందు వరసగా ఏమేం చెయ్యాలి? మా దగ్గర స్విచ్ ఆపి పని కానిచ్చేస్తున్నారు.

స్విచ్ ఆపడం సరిపోదు. ఆ అలవాటు ఈరోజే మానిపించండి. ఎవరైనా పొరపాటున స్టార్ట్ నొక్కితే డ్రమ్ము పక్కనున్న మనిషికి తప్పుకునే సమయం ఉండదు.

కంటిన్యూయస్ మైనర్ అయితే ముందు యంత్రాన్ని సపోర్టు చేసిన పైకప్పు కిందికి వెనక్కి తీసుకురావాలి. సపోర్టు లేని చోట బిట్లు చూడటమన్న మాటే లేదు. పైకప్పునూ పక్క గోడలనూ తట్టి చూసి, గ్యాస్ కొలిచి, డ్రమ్మును మోసే చెయ్యి, అంటే బూమ్‌ను నేలకు దించాలి. లేపి ఉంచక తప్పకపోతే కింద దిమ్మెలు పేర్చాలి. హైడ్రాలిక్ సిలిండర్‌ను నమ్మి దాని కింద నిలబడొద్దు. ఆ తర్వాత కరెంటు ఐసొలేట్ చేసి (సరఫరాను పూర్తిగా వేరుచేసి), తాళం వేసి, ట్యాగ్ కట్టి, తాళంచెవి బిట్లు మార్చే మనిషే జేబులో పెట్టుకోవాలి. చివరగా స్టార్ట్ నొక్కి యంత్రం కదలడం లేదని రూఢి చేసుకోవాలి.

షియరర్ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. షియరర్ ఆగినా ఫేస్ (బొగ్గు కోసే గోడ) వెంబడి ఉన్న కన్వేయర్ కదిలితే మనిషిని లాక్కుపోతుంది, కాబట్టి కన్వేయర్‌నూ ఐసొలేట్ చేసి తాళం వెయ్యాలి. పైకప్పును మోసే పవర్డ్ సపోర్టులు ముందుకు జరిపి ఉండాలి. ఫేస్ నుంచి బొగ్గు పెళ్లలు ఊడిపడకుండా చూసుకోవాలి. డ్రమ్ము క్లచ్ విడదీసి, డ్రమ్మును చేత్తో తిప్పుకుంటూ చూడాలి. కరెంటుతోనే తిప్పక తప్పని యంత్రమైతే తిప్పే ముందు అందరూ దూరంగా వెళ్లాలి, సైగ ఒక్కరే ఇవ్వాలి, తిప్పాక మళ్లీ మొదటినుంచీ ఐసొలేషన్ చెయ్యాలి. ప్రతిసారీ.

ఒక హోల్డర్ దగ్గర సుద్దతో గుర్తు పెట్టి అక్కడినుంచి మొదలుపెడితే ఏదీ తప్పిపోదు. ప్రతి బిట్టునూ చూసి, వేలితో తిప్పి, ఊపి, దాని వెనకున్న నీటి స్ప్రే నాజిల్‌ను చూసి ముందుకు కదలండి. కళ్లద్దాలూ చేతి తొడుగులూ తప్పనిసరి. తీసేటప్పుడు ఆ బిట్టుకు సరిపోయే పుల్లర్ వాడండి. గట్టి ఉక్కు సుత్తితో కార్బైడ్ మీద ఎప్పుడూ కొట్టొద్దు. కార్బైడ్ గాజులా పగిలి ముక్కలు ఎగురుతాయి. కూర్చోబెట్టడానికి రాగి లేదా ఇత్తడి ముఖమున్న సుత్తి చాలు. ఇరుక్కున్న బిట్టును గ్యాస్ మంటతో వేడిచేసి తీసే పద్ధతిని గని లోపల తలపెట్టనేవద్దు.

ప్రశ్న: మా నాన్నగారు లాంగ్‌వాల్‌లో (పొడవాటి బొగ్గు గోడను కోసే పద్ధతి) షియరర్ మీద పనిచేస్తారు. అరిగిన బిట్టు వల్ల గ్యాస్ అంటుకుంటుందని విన్నాను. నిజమేనా, లేక భయపెట్టే మాటా?

నిజమేనమ్మా. జాగ్రత్త తీసుకుంటే ఆపగలిగేదీ అదే.

మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుతుంది. బొగ్గు పొర పైనో కిందనో ఇసుకరాయి తగిలిందనుకోండి. ఇసుకరాయిలోని క్వార్ట్జ్ మీద చదునైన బిట్టు రాసుకుంటూ వెళితే దాని వెనక రాతి మీద ఎర్రగా కాలిన చార ఒకటి మిగులుతుంది. ఎగిరే నిప్పురవ్వల్ని చూసే అందరూ భయపడతారు. కానీ రవ్వలు చిన్నవి, క్షణంలో చల్లారిపోతాయి. రాతి మీద నిలిచే ఆ వేడి చారే గ్యాస్‌ను ఎక్కువగా అంటిస్తుంది. అందుకే నీటి స్ప్రేను బిట్టు ముందు మాత్రమే కాదు, సరిగ్గా వెనక కూడా పెడతారు. చార పడ్డ మరుక్షణమే దాన్ని ఆర్పడానికి.

2010 ఏప్రిల్ 5న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. అక్కడి గని భద్రతా సంస్థ దర్యాప్తులో షియరర్ డ్రమ్ము మీద కార్బైడ్ మొనలు పోయి అరిగిన బిట్లూ, నాజిళ్లు లేని స్ప్రేలూ బయటపడ్డాయి. కొద్దిపాటి మీథేన్ అక్కడ అంటుకుని, పేరుకుపోయిన బొగ్గు ధూళిని రగిలించి గనిలో చాలా దూరం పాకిందని ఆ దర్యాప్తు తేల్చింది. బిట్లు, నీళ్లు, గాలి సరఫరా, ధూళి మీద చల్లే రాతిపొడి... ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి సరిగా ఉన్నా మంట ఎక్కడో ఒక చోట ఆగేది.

మీ నాన్నగారిని ఒక్క ప్రశ్న అడగండి: షిఫ్టు మొదట్లో స్ప్రేలన్నీ పనిచేస్తున్నాయో లేదో ఎవరు చూస్తున్నారు? ఆ జవాబు స్పష్టంగా రావాలి.

ప్రశ్న: స్ప్రే నాజిళ్లు మాటిమాటికీ మూసుకుపోతున్నాయి. తీగతో పొడిచి శుభ్రం చేస్తున్నాం. సరేనా?

వద్దు. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, నీరు సన్నని తుంపరగా కాకుండా ధారగా పడుతుంది. ఒక్క నాజిల్ పెద్దదైతే మిగతావాటికి ఒత్తిడి పడిపోతుంది. మూసుకున్నదాన్ని తీసి కొత్తది పెట్టండి, పాతదాన్ని పైకి తెచ్చి వెనక నుంచి నీళ్లు కొట్టి కడగండి. మాటిమాటికీ మూసుకుపోతోందంటే అసలు జబ్బు నీటి ఫిల్టర్‌లో ఉంది, ముందు దాన్ని చూడండి. ఒత్తిడి గేజి పంపు దగ్గర కాదు, యంత్రం మీద ఉండాలి. పంపు దగ్గర బాగా చూపించే ఒత్తిడి పొడవాటి హోస్ దాటి డ్రమ్ము చేరేసరికి ఎంత మిగిలిందో అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న: తీసేసిన బిట్లను చూసి తప్పు ఎక్కడుందో చెప్పగలమా? ఇప్పటిదాకా తుక్కులో పడేస్తున్నాం.

చెప్పగలరు. తుక్కులో వేసే ముందు ఒక బల్ల మీద వరసగా పరచండి.

మొన బాగానే ఉండి దాని కింది ఉక్కు మెడ సన్నబడితే, సన్నటి రాపిడి పొడి ఉక్కును కడిగేస్తోందని అర్థం. మెడ తెగితే బోలెడు ఆయుష్షున్న మొన వృథాగా రాలిపోతుంది. అలాంటిచోట మొన అడుగు వెడల్పుగా ఉండి ఉక్కును కప్పే రకం అడగండి. మొన ముక్కలుగా పగిలి ఉంటే దెబ్బ తగిలింది: గట్టి రాతిపట్టీ వచ్చి ఉండొచ్చు, రూఫ్ బోల్టు తగిలి ఉండొచ్చు, డ్రమ్మును ఒక్కసారిగా లోపలికి పొడిచి ఉండొచ్చు. మొన మీద పాము పొలుసుల్లాంటి పగుళ్ల వల కనిపిస్తే వేడెక్కడం, నీళ్లతో చల్లారడం పదేపదే జరిగింది. ఉక్కు నీలిరంగుకు తిరిగితే అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కింది. ఆ హోల్డర్ వెనక నాజిల్‌ను వెంటనే చూడండి. మొన విరక్కుండా అతుకు దగ్గర శుభ్రంగా ఊడివస్తే బ్రేజింగ్ (వేరే లోహం కరిగించి వేసే అతుకు) సంగతి అనుమానించాలి, అలాంటివి నాలుగైదు కనిపిస్తే పెట్టె మీది బ్యాచ్ నంబరుతో సరఫరాదారుకు తిప్పి పంపండి. కాడ విరిగితే రంధ్రం అరిగింది లేదా పక్కదెబ్బ ఎక్కువైంది.

డ్రమ్ము పటం ఒకటి గీసి, మార్చిన ప్రతి బిట్టునూ దాని స్థానం దగ్గర రాయండి. నెలలోపే కథ బయటపడుతుంది. డ్రమ్ము అంచున, గోడ మూలను కోసే బిట్లు ఎప్పుడూ మిగతావాటికన్నా త్వరగా అరుగుతాయి, ఎందుకంటే వాటి ముందున్న బొగ్గు అన్నివైపులా బిగుసుకుని ఉంటుంది. అది మామూలే. డ్రమ్ము మధ్యలో ఒకే చోట పదేపదే మారుతుంటే అది మామూలు కాదు.

ప్రశ్న: అరిగినవి మాత్రమే మార్చాలా, మొత్తం సెట్టు మార్చాలా? ఒకటీ రెండూ ఊడిపోతే షిఫ్టు అయ్యేదాకా నడపొచ్చా?

బాగా అరిగిన బిట్ల మధ్య ఒక్క కొత్తది పెడితే అదొక్కటే ముందుకు పొడుచుకుని పొరుగువాటి పని కూడా మోస్తుంది. విరిగేదీ ముందు అదే. కాబట్టి ఒక వరసలో ఒకే ఎత్తు ఉండేలా చూడండి. తక్కువ అరిగిన పాతవాటిని పక్కన పెట్టుకుని, అరిగిన వరసలో ఒకటి విరిగినప్పుడు వాటిలోంచి ఎత్తు సరిపోయేది వెయ్యడం మంచి పద్ధతి.

ఊడిపోతే మాత్రం ఒక్క మీటరు కూడా నడపొద్దు. బిట్టు లేనిచోట హోల్డరే రాయిని తాకుతుంది. హోల్డర్ ముఖం అరిగితే తర్వాత పెట్టే బిట్టు సరిగా కూర్చోదు. పైగా ఉక్కు రాయిని రాసే ప్రమాదం అక్కడ అన్నిటికన్నా ఎక్కువ. ఊడిన బిట్టు బొగ్గుతో కలిసి బెల్టు మీదికి వెళుతుంది. అది బెల్టును చీలుస్తుంది లేదా క్రషర్‌లో పడుతుంది. అయస్కాంత సెపరేటర్ దగ్గరి మనిషికి వెంటనే కబురు పంపండి.

ప్రశ్న: బిట్లు ఎక్కువ కాలం రావాలని ఆపరేటర్‌ను నెమ్మదిగా నడపమంటున్నాం. లాభం ఉందా?

సాధారణంగా నష్టమే. లెక్క వేసి చూద్దాం. షియరర్ నిమిషానికి 6 మీటర్లు జరుగుతోంది, డ్రమ్ము నిమిషానికి 40 చుట్లు, ఒక్కో గీత (ఒకే దారిలో కోసే బిట్ల వరస) మీద 2 బిట్లు. అంటే నిమిషానికి ఆ గీత మీద 80 కోతలు. 6000 మిల్లీమీటర్లను 80తో భాగిస్తే ఒక్కో బిట్టు లోతుగా కోసే చోట 75 మిల్లీమీటర్లు తీస్తుంది. వేగాన్ని 2 మీటర్లకు తగ్గిస్తే 25 మిల్లీమీటర్లే. తీసే బొగ్గు మూడోవంతుకు పడిపోయింది కానీ బిట్టు రాయి మీద నిమిషానికి పరిగెత్తే దూరం ఏమీ తగ్గలేదు. టన్నుకు రాపిడి మూడింతలైంది. పెళ్లలుగా రావాల్సిన బొగ్గు పొడిగా వస్తుంది. ఆ పొడి పీల్చేది ఆపరేటర్ ఊపిరితిత్తులు. ఇసుకరాయి కూడా తెగుతుంటే అందులో సిలికా ఉంటుంది, దానివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు.

యంత్రం అనుమతిస్తే తగ్గించాల్సింది డ్రమ్ము చుట్లను. 1.8 మీటర్ల డ్రమ్ము 40 చుట్లు తిరిగితే మొన వేగం సెకనుకు దాదాపు 3.8 మీటర్లు, 30 చుట్లకు 2.8. వేడీ ధూళీ రెండూ తగ్గుతాయి. అదే 6 మీటర్ల నడకలో ఒక్కో బిట్టు లోతు 100 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. ఇక్కడ రెండు హద్దులున్నాయి: మోటారూ గేర్‌బాక్సూ మోయగల టార్క్ (తిప్పే బలం), హోల్డర్ మీద బిట్టు ఎంత పొడుచుకుని ఉందన్నది. కోత లోతు బిట్టు ఎత్తును దాటితే హోల్డర్లు రాసుకుంటాయి. గట్టి రాతిపట్టీ వచ్చినప్పుడు మాత్రం నెమ్మదించక తప్పదు.

ప్రశ్న: మరింత గట్టి కార్బైడ్ మొన తెప్పిస్తే సమస్య తీరుతుందా? స్టోర్స్ నుంచి అడుగుతున్నాం.

టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలను కోబాల్ట్ పట్టి ఉంచుతుంది. కోబాల్ట్ తగ్గితే, గింజ సన్నగిల్లితే గట్టిదనం పెరుగుతుంది, దెబ్బకు తట్టుకునే గుణం తగ్గుతుంది. కోబాల్ట్ పెరిగి గింజ పెద్దదైతే ఇది తిరగబడుతుంది. తీసేసిన బిట్లలో పగిలినవే ఎక్కువుంటే గట్టి రకం తెస్తే ఇంకా పగులుతాయి. అరిగినవే ఎక్కువుంటేనే గట్టి రకం ఆలోచించండి. ఒక డ్రమ్ముకు సరిపడా మాత్రమే తెప్పించి, టన్నుకు ఎన్ని బిట్లు పోతున్నాయో పాతవాటితో పోల్చి చూసి అప్పుడు ఆర్డరు పెట్టండి.

ప్రశ్న: విరిగిన హోల్డర్‌ను మళ్లీ వెల్డ్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

అన్నిటికన్నా ముందు కోణం. చాలా శంకువు బిట్లకు అటాక్ యాంగిల్ (బిట్టు రాయిని తాకే కోణం) 45 నుంచి 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొన కోణం 80 డిగ్రీలైతే అందులో సగం 40. అటాక్ 50 ఉంటే మొన వెనక 10 డిగ్రీల ఖాళీ మిగులుతుంది. హోల్డర్‌ను పొరపాటున 42 డిగ్రీలకు అతికిస్తే మిగిలేది 2 డిగ్రీలే, కాస్త అరగగానే బిట్టు వెనకభాగం రాయికి రాసుకోవడం మొదలవుతుంది. చూపుతో అతికించొద్దు, డ్రమ్ము డ్రాయింగ్ ప్రకారం జిగ్‌లో (కోణం కదలకుండా పట్టే చట్రంలో) బిగించి అతికించండి. స్థానం పక్కకు జరిగితే గీతల మధ్య కోయని గట్టు మిగిలి పక్క హోల్డర్లను తింటుంది.

పని వర్క్‌షాపులోనే జరగాలి. పాత వెల్డ్ మొత్తం గ్రైండ్ చేసి తీసెయ్యండి, తయారీదారు చెప్పినంత ముందుగా వేడిచెయ్యండి, ఓవెన్‌లో ఆరబెట్టిన లో-హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ వాడండి. రంధ్రంలో చిమ్ములు పడకుండా పనికిరాని పాత బిట్టో బిరడానో పెట్టండి. కొత్త బిట్టు పెట్టి వెల్డ్ చేస్తే ఆ వేడికి దాని అతుకు దెబ్బతింటుంది. ఎర్త్ క్లాంపు డ్రమ్ముకే తగిలించండి, యంత్రం ఒంటికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. అతికించాక నెమ్మదిగా చల్లారనివ్వండి, నీళ్లు పొయ్యొద్దు.

ప్రశ్న: అరిగిన మొనలను సానబట్టి మళ్లీ వాడొచ్చా?

శంకువు బిట్లను వద్దు. సానతో అసలు ఆకారం తిరిగి రాదు, ఎత్తు కూడా మిగతావాటికన్నా తగ్గుతుంది. తిరగని చదును రకం బిట్లను కొన్నిచోట్ల సానబడతారు, అది కూడా పైన వర్క్‌షాపులో, ధూళి లాగే ఏర్పాటుతో మాత్రమే. కార్బైడ్-కోబాల్ట్ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అరిగిన బిట్లను విడిగా డబ్బాలో వేసి ఉంచండి. వాటిలోని కార్బైడ్‌ను వేరుచేసి మళ్లీ వాడుకునేవారు కొంటారు కనుక మామూలు ఇనుప తుక్కులో కలపకండి.